గోడ మీద పెన్సిలు అంకెలు

పాత కరెంటు మీటర్లో చివరి అంకె ఎర్రగా ఉండేది. అది యూనిట్లో పదోవంతు, దాన్ని రాయకూడదు. నల్ల అంకెలు మాత్రమే రాసుకోవాలి. ఈ ఒక్క ముక్క ఉద్యోగంలో చేరిన మొదటి రోజే నాకు చెప్పారు. తల ఊపాను. నాలుగో రోజుకి మర్చిపోయాను. హిందీ మాట్లాడే మా ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో, సిద్ధగోరా బస్తీలో ఒక సందు చివరి ఇంట్లో ఎర్ర అంకెను కూడా కలిపి రాసేశాను. ఆ నెల ఆ ఇంటికి పదింతల బిల్లు వెళ్ళింది.

కొత్తగా పనిలో చేరిన పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. మీ మొదటి తప్పు ఏ ఇంట్లో జరిగిందో మర్చిపోకండి. నాది ఆ ఇంట్లో జరగడం భగవంతుడు నా మీద చూపిన దయ అని ఇప్పటికీ అనుకుంటాను.

మరుసటి నెల వెళ్ళేసరికి ఆ ఇంటావిడ గుమ్మంలో ముక్కాలి పీట వేసి కూర్చోమంది. మంచినీళ్ళు ఇచ్చింది. నేను తాగేదాకా ఆగి బిల్లు చేతిలో పెట్టింది. ఆవిడకి చదువు రాదు. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళై వచ్చిన మనిషి. భర్త ఫ్యాక్టరీలో బొగ్గు బట్టీల దగ్గర కాంట్రాక్టు కూలీ. బిల్లు చూడగానే నా తప్పు నాకు తెలిసిపోయింది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆవిడ ఆఫీసుకి వెళ్ళలేదు, అరవలేదు. గోడ వైపు చూపించింది.

"నువ్వు కాయితమ్మీద రాసుకోని ఎలిపోతే మాకేటి తెలుత్తాది? ఆ గోడ మీద కూడా రాసీ. మీ మావ డూటీ నుంచొచ్చి సూసుకుంటాడు."

ఆ బిల్లు నేనే ఆఫీసులో చెప్పి సరిచేయించాను. అలా నాకు ఆ సందులో ఒక అత్త, ఒక మావ దొరికారు. మీటరు పక్కన మేకు కొట్టి, కుట్టుమిషను దారంతో ఒక పెన్సిలు వేలాడదీసింది అత్త. నెలనెలా నేను రీడింగు నా పుస్తకంలో రాసుకుని, అదే అంకె సున్నం గోడ మీద కూడా రాసేదాన్ని. సాయంత్రం మావ వచ్చి కళ్ళద్దాలు పెట్టుకుని సరిచూసుకునేవాడు. అది చూసి పక్కింటివాళ్ళు పెన్సిలు కట్టారు. తర్వాత ఎదురింటివాళ్ళు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ సందులో పదకొండు ఇళ్ళ గోడల మీద నా చేతిరాత పైనుంచి కిందికి దిగుతూ ఉండేది. గోడలకి సున్నం వేసేటప్పుడు కూడా ఆ మేర వదిలేసి వేసేవారు.

అంకెలు నాకు బడిలో రాలేదు. నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న సాయంత్రాలు నన్ను రైలుకట్ట పక్కన కూర్చోబెట్టి, కదిలే గూడ్సుబండి వేగన్ల మీది నంబర్లు చదివించేవారు. తెలుగు మాత్రం పొద్దున పూజ దగ్గర నేర్పారు. సంకల్పం దగ్గర్నుంచి ఉద్వాసన దాకా అక్షరం అక్షరం పలికించేవారు. ఆ తర్వాత ఇంట్లోనే చదివి ప్రైవేటుగా మెట్రిక్ పరీక్ష రాశాను. కదిలే వేగన్ల మీద అంకెలు పట్టుకున్న కళ్ళకి మీటర్లో చక్రం ఒక లెక్కా? అయినా ఎర్ర అంకె దగ్గర పడ్డాను. ఆ గర్వం అక్కడితో అణిగింది.

సంవత్సరాలు గడిచాయి. మావ ఉద్యోగం అయిపోయింది. బట్టీల పొగ మాత్రం ఆయన ఛాతీలోంచి పోలేదు. చివరికి గాలి అందక, డాక్టరు చెప్పగా ఇంట్లో ఆక్సిజన్ తయారుచేసే మిషను పెట్టారు. ఆ సందులో దాన్ని అందరూ గాలి మిషను అనేవారు. మంచం పక్కన గుర్రుమంటూ ఉండేది. ముక్కుకి సన్నటి గొట్టం. కరెంటు ఉన్నంతసేపే దాని ఊపిరి. దాని ఊపిరి ఉన్నంతసేపే మావ ఊపిరి.

అందుకని లైను మరమ్మతుకి కరెంటు తీస్తారన్నా, బిల్లు ఆలస్యమై కనెక్షను తీస్తారన్నా, ముందురోజే వెళ్ళి ఆ ఇంట్లో చెప్పేదాన్ని. అది నా డ్యూటీ కాదు, కానీ నా దారిలోనే కదా. నేను చెప్పగానే అత్త పక్కింటి నుంచి పొడుగు వైరు ఏర్పాటు చేసుకునేది, లేదా మావని ఆసుపత్రిలో ఆ పూట కూర్చోబెట్టి తెచ్చుకునేది.

ఇలా ఉండగా స్మార్ట్ మీటర్లు వస్తున్నాయన్నారు. రీడింగు దానంతట అదే ఆఫీసుకి వెళ్ళిపోతుందట. ముందుగా రీచార్జి చేసుకోవాలి, అది అయిపోతే మనిషి రానక్కర్లేకుండా కరెంటు అక్కడికక్కడే ఆగిపోతుంది. ముందుగా ఫోనుకి మెసేజి వస్తుంది.

సందులో ఎవరూ ఒప్పుకోలేదు. చుట్టుపక్కల బస్తీల్లోనూ అదే మాట. కొత్త మీటరు పరుగెడుతుందని కొందరు, ఇందులో ఏదో మోసం ఉందని కొందరు. ఆడవాళ్ళంతా వేలిముద్రలూ సంతకాలూ పెట్టి ఆఫీసులో అర్జీ ఇచ్చారు. జవాబుగా రంగుల బొమ్మలతో ఒక హిందీ కరపత్రం వచ్చింది. మీటరు పరుగెడుతుందా అన్న గొడవలో నాకు తెలిసిన సంగతి చెప్తాను. నేను చూసినంతలో సరిగానే తిరిగింది. కానీ అత్త భయం మీటరు మీద కాదు. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. అది ఆవిడకి చదవడం రాదు. మావకి చూపు ఆనదు. మెసేజి ఎవరికి వచ్చినట్టు?

మా సూపర్‌వైజరు హిందీ కుర్రవాడు, మంచివాడు. నన్ను మౌసీ, అంటే పిన్ని, అని పిలిచేవాడు. ఆ సందు నా మాట వింటుందని అతనికి తెలుసు. ఒకరోజు టీ తెప్పించి, మౌసీ, మీరు చెబితే వాళ్ళు కాదనరు అన్నాడు. పూజ సామాను కొనాలని చెప్పి లేచాను. అవి విశ్వకర్మ పూజ ముందు రోజులు.

మా ఊళ్ళో ఆ పూజ ఎలా జరుగుతుందో చెప్పక్కర్లేదు. షెడ్డు షెడ్డుకీ ఒక పందిరి. లేత్ మిషనుకీ ఆటోకీ కుట్టుమిషనుకీ కూడా బొట్టు. ఏ పనిముట్టుతో అన్నం తింటామో దానికి దండం పెట్టే రోజు. నా పనిముట్టు మీటరు. అందుకని ఏటేటా ఆ రోజు ఆ సందులో పదకొండు మీటర్లకీ పసుపూ కుంకుమా పెట్టి, ఒక్కో బంతిపువ్వు గుచ్చి వచ్చేదాన్ని. వాళ్ళు నవ్వేవాళ్ళు. మీటరమ్మ మీటరుకి పెళ్ళి చేస్తోంది అనేవారు.

ఆ ఏడు ఎవరూ నవ్వలేదు. అత్త అప్పటికే గుమ్మం కడిగి, మీటరు కింద ముగ్గు వేసి, కలశం పెట్టి ఉంచింది. ఆడవాళ్ళందరూ తలంట్లు పోసుకుని వచ్చి కూర్చున్నారు. ఈసారి బొట్లు పెట్టి వెళ్ళిపోతే చాలదు, సందులో మీటర్లన్నిటినీ ఈ కలశంలోకి పిలిచి పద్ధతిగా పూజ చేయమన్నారు. నాకు ఎంత సంతోషమైందో. ఇన్నాళ్ళకి వీళ్ళకి భక్తి కుదిరిందనుకున్నాను. మా నాన్న నేర్పినట్టే ఆవాహన చేసి, అటుకులూ బెల్లం నైవేద్యం పెట్టాను. మావ మంచం మీంచే చేతులు జోడించాడు. హారతి అయ్యాక ఉద్వాసన చెప్పబోతుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఇయ్యాల ఒగ్గీ అమ్మా. రేపు సెప్పుదువు గాని. ఒక రాత్రి మా కాడ ఉండనీ."

అందులో తప్పేముంది? సరేనన్నాను.

మర్నాడు పొద్దున్నే బండినిండా కొత్త మీటర్లతో మనుషులు వచ్చారు. నన్ను కూడా రమ్మన్నారు. సందు మొదట్లో ఆడవాళ్ళు అడ్డంగా కూర్చుని ఉన్నారు. నినాదాలు లేవు, ఏమీ లేవు. కూరలు తరుక్కుంటున్నారు. సూపర్‌వైజరు వెళ్ళి ఏమిటని అడిగితే, పూజ ఇంకా నడుస్తోంది అన్నారు. దేవుణ్ణి పిలిచి కూర్చోబెట్టాము, లేవమని చెప్పలేదు, లేవమని చెప్పకుండా కదిపితే కదిపినవాడికే దోషం అన్నారు. మీటర్లు విప్పడానికి వచ్చిన ముగ్గురూ అదే ఊళ్ళో పుట్టినవాళ్ళు. వాళ్ళ స్క్రూడ్రైవర్లకి కూడా నిన్నటి కుంకుమ ఇంకా ఆరలేదు. ముగ్గురిలో పెద్దవాడు పెట్టె మూసేసి, సార్, మీరు విప్పితే విప్పండి, నేను విప్పను అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. బండి ఆ రోజు వస్తుందని ముందే తెలుసుకుని, ఆ సందంతా కలిసి నా చేతే తలుపుకి తాళం వేయించింది. తాళంచెవి నా నోట్లో ఉంది.

సూపర్‌వైజరు నా దగ్గరికి వచ్చి, ఆ మాటేదో చెప్పేయండి మౌసీ అని బతిమాలాడు. ఈ సందు పూర్తి కాకపోతే తన ఉద్యోగానికీ నా ఉద్యోగానికీ కూడా ముప్పేనని మెల్లగా చెప్పాడు. ఇటు చూస్తే అత్త. మొహంలో కోపం లేదు. మోసం చేసినందుకు కొంచెం సిగ్గు మాత్రం ఉంది. లోపల్నుంచి గాలి మిషను గుర్రుమనడం వినిపిస్తూనే ఉంది.

నేను సూపర్‌వైజరుని అందరి ముందూ హిందీలో అడిగాను. కొత్త మీటర్లు పెట్టాక, ఈ ఇంటి కరెంటు ఆగేముందు ఎవరైనా మనిషి వచ్చి చెబుతారా?

"మౌసీ హై నా. మౌసీ ఆయేగీ," అన్నాడు. మౌసీ ఉంది కదా, మౌసీయే వస్తుంది. ఆ క్షణంలో అతను అబద్ధం చెప్పాడని నేననుకోను. తనకి తెలిసినంతలో నిజమే చెప్పాడు.

అత్త అతని వైపు చూడలేదు.

"ఆ బాబు మాట నాకెందుకు. నువ్వు సెప్పు. నువ్వొత్తావా?"

"వస్తాను అత్తా."

"మీ మావ పేనం మీద సెప్పు."

ప్రాణాల మీద ఒట్లు వేయకూడదని మా నాన్న చెప్పేవారు. వేయలేదు. వస్తానని మాత్రం మళ్ళీ అన్నాను. ఆవిడకి అది చాలింది. లేచి పక్కకి జరిగింది. ఆవిడ జరిగితే అందరూ జరిగారు.

కలశం ముందు కూర్చుని అక్షతలు చేతిలోకి తీసుకున్నాను. ఉద్వాసనలో చివరి మాట మీకు తెలిసే ఉంటుంది, పునరాగమనాయ చ. మళ్ళీ రావడం కోసమే వెళ్ళు అని. ఎన్ని పూజల్లో ఎన్నిసార్లు అన్నానో. ఆ రోజు ఆ మాట దగ్గర ఆగి, మళ్ళీ అన్నాను. రానివాళ్ళని మళ్ళీ రమ్మంటున్నానని నాకు తెలుస్తూనే ఉంది. కలశాన్ని ఉత్తరం వైపు కొంచెం జరిపాను. మీటర్లు విప్పే పెద్దాయన చెప్పులు గుమ్మం బయట వదిలి లోపలికి వచ్చాడు. మధ్యాహ్నానికి పదకొండు పాత మీటర్లు బంతిపువ్వులతో సహా ఒక గోనెసంచిలోకి వెళ్ళిపోయాయి. గోడ మీద వాటి చోటు తెల్లగా మిగిలింది. దాని కింద నా అంకెలు.

మూడు నెలలు మాట నిలబెట్టుకున్నాను. కొత్త మీటర్లకి సీళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి ఫోటో తీసే పని ఇచ్చారు. రీచార్జి అయిపోవచ్చిందంటే ఆఫీసులో తెలుసుకుని ముందే అత్తకి చెప్పేదాన్ని. నాలుగో నెల డ్యూటీ కాగితంలో నా పేరు లేదు. మనుషులతో రీడింగు తీసే కాంట్రాక్టు ముగిసిందన్నారు. శాలువా కప్పారు, స్టీలు టిఫిను డబ్బా ఇచ్చారు, మిఠాయి పెట్టారు. మర్యాదగానే పంపారు, ఆ మాట చెప్పకపోతే నాకే పాపం. అప్పటికి సూపర్‌వైజరు కూడా వేరే ఊరు వెళ్ళిపోయాడు.

ఇక్కడ నేను చేసిన తప్పు ఎర్ర అంకె తప్పు కన్నా పెద్దది. సందుకి వెళ్ళి ఈ సంగతి చెప్పలేదు.

సిగ్గు. అంతే, వేరే కారణం లేదు. వస్తానని అందరి ముందూ అన్నదాన్ని, ఇక రావడం నా చేతుల్లో లేదని ఏ మొహంతో చెప్పను? రేపు వెళ్దాం, వారం పోయాక వెళ్దాం అనుకుంటూ నెల దాటించాను. పొద్దున్నే పూజ దగ్గర దీపం వెలిగిస్తే గాలి మిషను చప్పుడు చెవిలో వినిపించేది. అయినా వెళ్ళలేదు. దేవుడికి దండం పెట్టుకోవడం సులువు. మనిషికి మొహం చూపించడమే కష్టం.

చివరికి ఒక గురువారం పూజ ముగించి, ఇక ఆగలేక బయలుదేరాను. సందులోకి అడుగుపెట్టేసరికి అన్ని ఇళ్ళలోనూ టీవీలు మోగుతున్నాయి. కరెంటు ఉందిలే అనుకున్నాను. చివరి ఇంటి దగ్గరికి వచ్చేసరికి గుర్రుమనే చప్పుడు లేదు.

మావ గుమ్మంలో మోకాళ్ళ మీద చేతులు ఆన్చి ముందుకి వంగి కూర్చున్నాడు. ప్రతి ఊపిరీ రంపం కోసినట్టు వినిపిస్తోంది. పెదవులు నల్లబడ్డాయి. నేను ముందే చెప్పలేదు కాబట్టి కరెంటు వెంటనే వచ్చేస్తుందనుకుని, అత్త హిందీ పేపరు మడిచి విసురుతోంది. నన్ను చూడగానే ఆవిడ మొహం విప్పారింది.

"అదిగో వచ్చీసినాది. సెప్పలేదేటి నీకు? కరెంటు పోతాదని సెప్పడానికే వచ్చినాది," అని మావతో అంది. తర్వాత నాకేసి తిరిగి, నన్ను ఓదార్చినట్టు, "పర్వానేదులేయే. కూసింత ఆలీసమైనాది గాని."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను ఎంతమందో తిట్టారు. కుక్కల్ని కూడా వదిలారు. ఆ ఒక్క మాట తగిలినట్టు ఏదీ తగల్లేదు.

పక్కింటికి పరుగెత్తాను. వాళ్ళమ్మాయి పొడుగు వైరు తెచ్చి కిటికీలోంచి అందించింది. మిషను ఒకసారి కూత పెట్టి గుర్రుమంది. గొట్టం మావ ముక్కుకి పెట్టి పక్కనే కూర్చున్నాను. ఆ అమ్మాయి తన ఫోనులో రీచార్జి చేసింది. అత్త ఫోను బియ్యం డబ్బా మీద ఉంది. తీసి చూస్తే మెసేజిలు వరసగా ఉన్నాయి, రెండు రోజుల ముందునుంచి. రోజూ వచ్చి ఫోను చూసి చెప్తానని ఆ అమ్మాయి ఎప్పుడో అందట. అక్కర్లేదు, మీటరమ్మ వస్తుంది కదా అని అత్తే వద్దందట.

మావ పెదవులకి రంగు వచ్చేదాకా ఆగి, ఉన్నదంతా చెప్పేశాను. ఉద్యోగం లేదని, నెల పైనే అయిందని, సిగ్గుపడి రాలేదని. అత్త పేపరు మడత విప్పి, మళ్ళీ మడిచింది.

"మరియితే ఇయ్యాల నిన్నెవులు పంపినారు?"

"ఎవరూ పంపలేదు అత్తా. నేనే వచ్చాను."

ఆవిడ లేచి, మేకుకి ఇంకా వేలాడుతున్న పెన్సిలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"రాయి."

కొత్త మీటర్లో అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి, ఏది రాయాలో నాకు తెలియడం లేదు అన్నాను.

"అంకె ఎవులిక్కావాలే. వచ్చినట్టు రాయి."

పాత అంకెల కింద ఆ రోజు తారీకు రాశాను.

ఆ సాయంత్రమే ఆఫీసుకి వెళ్ళి ఆ మీటరుకి అత్త ఫోను నంబరు బదులు నా నంబరు రాయించాను. కౌంటర్లో అమ్మాయి, మీకు వాళ్ళేమవుతారని అడిగింది. అత్తగారిల్లు అన్నాను. నా మీద దోషం ఉందనుకోను. ఆ తర్వాత మెసేజి వస్తే చాలు, చెప్పులు వేసుకుని బయలుదేరేదాన్ని. జీతం లేదు, డ్యూటీ లేదు. అంత తృప్తిగా నేనెప్పుడూ పని చేయలేదు. నా మొదటి తప్పుని భరించిన ఇంట్లోనే నా చివరి తప్పుని దిద్దుకునే అవకాశం ఇచ్చినందుకు రోజూ దేవుడికి కృతజ్ఞత చెప్పుకునేదాన్ని. గోడ మీద తారీకులు మీటరు కింద నుంచి మావ మంచం ఎత్తు దాకా దిగాయి.

రెండో చలికాలంలో మావ పోయాడు. నిద్రలోనే. మిషను నడుస్తూనే ఉంది. కరెంటు వల్ల కాదు, ఆ భగవంతుడు పిలిస్తేనే వెళ్ళాడని అత్త అందరికీ చెప్పింది. నాకోసమే అలా చెప్పిందని నాకు తెలుసు. కొన్నాళ్ళకి బరంపురంలో ఉన్న కూతురు వచ్చి అత్తని తీసుకెళ్ళింది. వెళ్ళేముందు మేకుకున్న పెన్సిలు ముక్క నాకిచ్చింది. అది మా దేవుడి అలమరలో కుంకుమ భరిణె పక్కన ఉంది. ఇల్లు అద్దెకిచ్చారు. వచ్చినవాళ్ళు గోడలకి కొత్త రంగులు వేయించారట. చూడ్డానికి వెళ్ళలేదు.

నేను ఇప్పుడు ఊరికి అవతలి వైపు సోనారిలో మా చెల్లెలి దగ్గర ఉంటున్నాను. పొద్దున డాబా మీద తులసికి నీళ్ళు పోస్తుంటే చిన్న విమానం తల మీంచి వెళ్తుంది. ఏ ఇంట్లోనూ నా కోసం ఎవరూ పీట వేయరు. అయితే ఆ మీటరుకి నా నంబరు ఎవరూ మార్చలేదు. ఈమధ్య ఏదో పని మీద ఆఫీసుకి వెళ్తే అదే అమ్మాయి కంప్యూటర్లో చూసి, ఈ నంబరు తీసేయమంటారా అని అడిగింది. ఉండనివ్వమ్మా అన్నాను.

మెసేజి ఇంకా వస్తుంటుంది. ఆ ఇంటి కరెంటు ఆగబోతోందని. చదవగానే కాళ్ళు వాటంతట అవే చెప్పుల్లోకి వెళ్తాయి. ఆటో స్టాండు దాకా వెళ్ళేసరికి రెండో మెసేజి వస్తుంది, రీచార్జి అయిపోయిందని. ఆ ఇంట్లో ఉంటున్నవాళ్ళు చదువుకున్నవాళ్ళు, ఫోను యాప్‌లో వాళ్ళే చూసుకుంటారు, చల్లగా ఉండాలి. కాసేపు అక్కడే నిలబడి, వెనక్కి తిరుగుతాను.